డ్రైవర్ రాసేవాళ్ల దగ్గర మీ కెమెరా లేదు

"ఏరా, కంప్యూటర్లో చోటు లేదంటోంది. సగం వీడియోలు తీసేశాను, అయినా లేదనే అంటోంది" అని 2020 ఆగస్టులో తెనాలి నుంచి అక్క ఫోన్ చేసింది.

అక్క లెక్కల టీచర్. కరోనాతో బడి మూతపడ్డాక పదో తరగతి పిల్లలకు ఇంటి నుంచే ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టింది. తన మొహం కనపడటానికి ఒక వెబ్‌క్యామ్, లెక్క చేస్తుంటే నోటుబుక్కు కనపడటానికి పైనుంచి వేలాడదీసిన ఇంకో వెబ్‌క్యామ్. రెండూ నేనే సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొని కొరియర్ చేశాను. ఒకే కంపెనీవి, ఒకే మోడల్. కంప్యూటర్ పాతది, అందులో విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ వేసిందీ నేనే. మొదటి కెమెరా బాగానే పనిచేసింది. రెండోది ఆన్ చేయగానే 'నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్' అని వచ్చింది. అక్క ఆ మాట నమ్మింది. ఎవరైనా నమ్ముతారు. డిస్కు నిండిందనుకుని పెద్ద ఫైళ్లన్నీ వెతికి మరీ తీసేసింది, ట్రాష్ కూడా ఖాళీ చేసింది. అలా పోయినవాటిలో నాన్న షష్టిపూర్తి వీడియోలున్నాయి. వాటికి ఇంకో కాపీ లేదు.

ఇన్నేళ్ల తర్వాత ఇది రాయడానికి కారణం ఈ మధ్య ఒక వాట్సాప్ గ్రూపులో చూసిన ఫొటో. ఖమ్మం కుర్రాడొకడు తన టెర్మినల్‌ని (కమాండ్లు టైప్ చేసే తెర) ఫోన్‌తో ఫొటో తీసి పెట్టి, రెండో కెమెరా రావట్లేదు, ఏం చేయాలి అని అడిగాడు. అదే మోడల్ కెమెరా, అదే ఎర్రర్. కింద ఒకాయన, "లినక్స్‌లో కెమెరాలు ఇంతే తమ్ముడూ, విండోస్ వేసుకో" అని సలహా ఇచ్చాడు. ఆ సలహా కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటుంది. ఆ కెమెరాకి మందేంటో నాకు 2020లోనే తెలుసు. తెలిసీ చెప్పాల్సినవాళ్లకి, అంటే లినక్స్‌లో కెమెరాని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ రాసేవాళ్లకి, చెప్పలేదు.

చోటు లేనిది డిస్కులో కాదు

ఆ రోజు ఫోన్లో అక్కచేత టెర్మినల్ తెరిపించి, కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ అసలు భాగం) లాగ్‌లో చివరి వరుసలు చదవమన్నాను. "ఫెయిల్డ్ టు సబ్మిట్ యూఆర్‌బీ సున్నా, బ్రాకెట్లో మైనస్ ఇరవై ఎనిమిది" అని చదివింది. ఆ మైనస్ 28 అన్నది 'చోటు లేదు' అనే ఎర్రర్‌కి కెర్నల్ పెట్టుకున్న నంబరు. డిస్కు నిండినా అదే నంబరు, యూఎస్‌బీ దారి నిండినా అదే నంబరు. అప్లికేషన్ దగ్గరికి వచ్చేసరికి ఆ నంబరు ఒక ఇంగ్లిష్ వాక్యంగా మారుతుంది. ఏ చోటో చెప్పదు.

లెక్క ఇలా ఉంది. యూఎస్‌బీ 2 దారిలో సెకనుకు గరిష్ఠంగా 480 మెగాబిట్లు, అంటే 6 కోట్ల బైట్లు పోతాయి. వీడియోలాగా ఆగకుండా, టైమ్ ప్రకారం పోవాల్సిన డేటాకి అందులో 80 శాతం మించి రిజర్వ్ చేయనివ్వరు. అంటే 4 కోట్ల 80 లక్షలు. అక్క కెమెరాలు 640, 480 సైజులో, సెకనుకు 15 ఫ్రేములతో, కంప్రెషన్ లేకుండా పంపేవి. ఒక్కోదానికి నిజంగా కావాల్సింది సెకనుకు 92 లక్షల బైట్లు. రెండూ కలిపినా 2 కోట్లు దాటదు. దారిలో సగానికి పైగా ఖాళీగా ఉండాలి. కానీ ఆ కెమెరా తనకెంత కావాలో ఎప్పుడడిగినా ఒకే జవాబు ఇస్తుంది: సెకనులో ఎనిమిది వేలో వంతుకి 3072 బైట్లు. ఆ స్పెసిఫికేషన్‌లో అడగగలిగే గరిష్ఠం అదే. సెకనుకి వేసుకుంటే 2 కోట్ల 45 లక్షలు. రెండు కెమెరాలకి 4 కోట్ల 91 లక్షలు. పరిమితి దాటింది, రెండోదానికి చోటు లేదు.

ఆర్టీసీ బస్సు స్టాండ్‌లోకి వచ్చీ రాగానే కిటికీలోంచి కండువా వేసి మూడు సీట్లు ఆపుకుని, తీరా ఎక్కేది ఒక్కడే అయితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. బస్సు ఖాళీగానే ఉంది. కండక్టర్ మాత్రం కండువాలు చూసి సీట్లు లేవంటున్నాడు. (తెలిసినవాళ్లు ఫ్రేముల్ని కుదించి పంపే ఎంజేపెగ్‌లో పెట్టుకోవచ్చుగా అంటారు. ఆ కెమెరాలో ఆ ఫార్మాట్ లేదు.)

వెతగ్గా వెతగ్గా ఎవరో ఎన్నో ఏళ్ల కిందట రాసిపెట్టిన ఒక పాత పోస్ట్ దొరికింది. వెబ్‌క్యామ్‌లని నడిపే యూవీసీవీడియో డ్రైవర్‌ని లోడ్ చేసేటప్పుడు క్విర్క్స్ (వింతగా ప్రవర్తించే కెమెరాల కోసం చేసే సర్దుబాట్లు) విలువ 128 ఇస్తే సరిపోతుందని అందులో ఉంది. ఆ నంబరు ఇస్తే డ్రైవర్ కెమెరా మాట పట్టించుకోదు. ఫ్రేము సైజు, ఫ్రేముల సంఖ్య చూసి ఎంత దారి కావాలో తనే లెక్క కట్టుకుంటుంది. ఒక్క వరుస టైప్ చేయించాను. రెండు కెమెరాలూ వచ్చాయి. అక్క మొహం ఒకదాంట్లో, వర్గ సమీకరణం రాస్తున్న అక్క చెయ్యి ఇంకోదాంట్లో. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. పని అయిపోయిందనుకున్నాను.

ఒక్కో ఎంట్రీ వెనక ఒక మనిషి

అయిపోలేదని నాకు తెలియడానికి ఆ డ్రైవర్ సోర్స్ కోడ్ ఒకసారి తెరిచి చూడాల్సి వచ్చింది. అందులో ఒక పొడవాటి పట్టిక ఉంటుంది. ఒక్కో ఎంట్రీ ఏడెనిమిది వరుసలు. పైన కామెంట్‌లో ఒక కెమెరా పేరో ల్యాప్‌టాప్ పేరో, కింద దాని తయారీదారు ఐడీ, మోడల్ ఐడీ, చివర ఏ క్విర్క్ వాడాలో. ఈ కెమెరా స్టేటస్ సరిగ్గా చెప్పదు, ఈ కెమెరా గరిష్ఠ కనిష్ఠాలు అడిగితే బిగుసుకుపోతుంది, ఈ కెమెరాకి ఫ్రేము ఎక్కడ ముగిసిందో గుర్తు పెట్టడం రాదు. ఆపిల్ పాత ఐసైట్ కెమెరా ఒక్కదాని కోసమే ఒక క్విర్క్ ఉంది.

మొదటిసారి చూసినప్పుడు అది కెమెరాల తప్పుల చిట్టాలా అనిపించింది. ఇప్పుడు చూస్తే మనుషులు కనిపిస్తున్నారు. ఆ ఎంట్రీ అక్కడికి వచ్చిందంటే ఆ కెమెరా ఎవరి చేతిలోనో ఉంది. అది పనిచేయకపోతే వాళ్లు తిట్టుకుని ఊరుకోలేదు. ఐడీ చూశారు, లాగ్ తీశారు, ప్యాచ్ (కోడ్‌కి చిన్న సవరణ) ఇస్తే పరీక్షించి పనిచేస్తోందని చెప్పారు. అక్క కెమెరాకి అక్కడ ఎంట్రీ లేదు. 2020లో లేదు, ఖమ్మం కుర్రాడు అడిగిన రోజున కూడా లేదు.

128ని అందరికీ మొదట్నుంచే పెట్టేయొచ్చు కదా అని నాకూ అనిపించింది. పెట్టకూడదు. నిజం చెప్పే కెమెరాలున్నాయి, వాటిలో కొన్నింటికి లెక్క ప్రకారం వచ్చేదానికన్నా ఎక్కువ దారి కావాలి. అందుకే డ్రైవర్ మొదట కెమెరా మాట నమ్ముతుంది. ఏ కెమెరా మాట నమ్మకూడదో ఒక్కొక్కటిగా ఎవరో చెప్పాలి. ఆ చెప్పడం అన్నది కోడ్ రాయగలిగినవాడు తన గదిలో కూర్చుని చేయగలిగే పని కాదు. అతని దగ్గర ఆ కెమెరా లేదు.

నా అభిప్రాయమంతా ఇదే. లినక్స్‌లో వెబ్‌క్యామ్‌లు బాగా పనిచేయాలంటే ఇంకా గొప్ప ప్రోగ్రామర్లు పుట్టుకురావాలని మనం అనుకుంటాం. కొరత అక్కడ లేదు. కెమెరా చేతిలో ఉండి, అది ఏం చేస్తోందో ఓపికగా చెప్పేవాళ్ల దగ్గర ఉంది.

చరిత్ర చూసినా అదే కనిపిస్తుంది. వెబ్‌క్యామ్‌లకి ఉమ్మడి ప్రమాణం, అంటే యూవీసీ, 2003లో వచ్చింది. అంతకుముందు ఒక్కో చిప్‌కి ఒక్కో భాష. ఆ రోజుల్లో ఫ్రాన్స్‌లో మిషెల్ జార్ అనే వైద్యుడు తన ఖాళీ సమయంలో రాసిన డ్రైవర్లతో రెండు వందలకు పైగా కెమెరాలు లినక్స్‌లో పనిచేశాయి. జీఎస్‌పీసీఏ పేరుతో అవి 2008లో కెర్నల్‌లో చేరాయి. ఒక డాక్టర్ తన జీతంతో అన్ని కెమెరాలు కొని ఉంటాడని నేననుకోను. విండోస్‌లో కెమెరాకీ కంప్యూటర్‌కీ మధ్య నడిచే డేటాని రికార్డ్ చేసి పంపడం, కొత్త వెర్షన్ రాగానే పరీక్షించి చెప్పడం ఆ కాలంలో మామూలు వాడుకదారులు చేసిన పని. అదే ఏడాది జూలైలో, 2.6.26 కెర్నల్‌తో, లోరాన్ పిన్షార్ రాసిన యూవీసీవీడియో కూడా వచ్చింది. ఈ రోజు మనం కొనే యూఎస్‌బీ కెమెరా పెట్టగానే పనిచేస్తోందంటే ఆ డ్రైవర్ పుణ్యమే.

"డబ్బులిచ్చి కొన్నవాడు ఎందుకు చేయాలి?"

ఈ మాట నాకు బాగా దగ్గరి స్నేహితుడు అన్నాడు. వాడి వాదన బలమైనదే. కెమెరా చేసిన కంపెనీ తప్పు చేసింది. విండోస్‌లో పనిచేస్తే చాలనుకుని అక్కడితో పరీక్ష ఆపేసింది. ఆ తప్పుని కొన్నవాడు వెతికి, రిపోర్ట్ రాసి, జీతం లేని ఇంకొకడు సరిచేస్తే, కంపెనీకి నొప్పి ఎప్పుడు తెలుస్తుంది? మనం సర్దుకుపోతున్నకొద్దీ వాళ్లు మారరు కదా.

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కంపెనీలు ఎప్పుడు మారతాయో మాత్రం ఒక ఉదాహరణ ఉంది. యూవీసీ అంత త్వరగా అంతటా పాకడానికి ఒక కారణం, విండోస్ విస్టాకి తగినదని చెప్పే లోగో కావాలంటే కెమెరా యూవీసీ పాటించాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టడం. లినక్స్ ఆ షరతు వల్ల లాభపడింది. పెద్ద కొనుగోలుదారు గట్టిగా అడిగితే కంపెనీ వింటుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్లుగా లినక్స్ నడుస్తోంది. అలాంటిచోట టెండర్లో 'లినక్స్‌లో పనిచేయాలి' అనే ఒక్క వాక్యం నా లాంటివాళ్లు వంద మంది రాసే రిపోర్టులకన్నా ఎక్కువ చేస్తుంది. ఇది ఒప్పుకుంటాను. మన రెండు రాష్ట్రాల్లోనూ బడులకి కంప్యూటర్లు కొనేటప్పుడు ఆ వాక్యం ఉండాలని అడగడం కూడా ఇందులో భాగమే.

కానీ అక్క క్లాసు రేపు ఉదయం తొమ్మిదింటికి. టెండర్ మారేదాకా ఆ నలభై మంది పిల్లలు ఆగరు. పైగా నేను రిపోర్ట్ రాస్తే మేలు జరిగేది కంపెనీకి కాదు, అదే కెమెరా ఆల్రెడీ కొనేసి తల పట్టుకుని కూర్చున్న ఖమ్మం కుర్రాడికి. కంపెనీ మీద కోపంతో వాడికి సాయం ఆపడం నాకు సబబుగా అనిపించలేదు.

ఇంకో మాట కూడా తరచుగా వింటాను: రాసినా ఎవరూ పట్టించుకోరని. నా స్నేహితుడే ఒకసారి రాశాడు, మూడు నెలలైనా జవాబు రాలేదు. ఏం రాశావో చూపించమన్నాను. 'కెమెరా పనిచేయట్లేదు, దయచేసి సాయం చేయండి' అని ఉంది. ఏ కెమెరా, ఏ కెర్నల్, లాగ్‌లో ఏముంది, ఏదీ లేదు. డాక్టర్ దగ్గరికెళ్లి 'ఒంట్లో బాలేదు' అని చెప్పి, ఎక్కడ నొప్పో చెప్పకుండా వచ్చేసినట్టుంది. అయితే వాడిని పూర్తిగా తప్పుపట్టలేను. ఎలా రాయాలో తెలుగులో చెప్పినవాళ్లు లేరు. ఇంగ్లిష్‌లో తప్పులు పోతాయేమో, ప్రపంచమంతా చూస్తుందేమో అనే టెన్షన్ చిన్నది కాదు. నాకూ ఉంది. నేను 2020లో రాయకపోవడానికి బద్ధకం ఎంత కారణమో ఆ భయమూ అంతే కారణం.

నిజానికి రాయాల్సిన ఇంగ్లిష్ చాలా తక్కువ. కెమెరా ఐడీ, కెర్నల్ వెర్షన్, ఏం చేస్తే ఏం వచ్చింది, 128 ఇస్తే ఏమైంది. మిగతాదంతా కంప్యూటర్ ఇచ్చిన అవుట్‌పుట్ అతికించడమే. అదీ కష్టమనిపిస్తే హెచ్‌డబ్ల్యూ-ప్రోబ్ అనే ప్రోగ్రామ్ ఉంది. మెషీన్లో ఏ పరికరాలున్నాయో, ఏది పనిచేస్తోందో అదే సేకరించి అందరూ చూసే చోట పెడుతుంది. ఒక పరికరం ఎంతమంది దగ్గర మొరాయిస్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది.

కొత్త ల్యాప్‌టాప్‌ల దగ్గర నా వాదన తడబడుతుంది

ఇంతవరకూ చెప్పింది యూఎస్‌బీ కెమెరాల కథ. వాటిలో రంగులు సరిచేయడం, వెలుతురు సర్దడం అన్నీ కెమెరా లోపలి చిప్పే చేసి, తయారైన బొమ్మ పంపుతుంది. కొత్త సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అలాంటి కెమెరా లేదు. ఫోన్లలోలాగా మిపీ అనే తీగల మీద సెన్సర్ నుంచి పచ్చి డేటా నేరుగా ప్రాసెసర్‌కి వస్తుంది. దాన్ని బొమ్మగా వండే పని ప్రాసెసర్ పక్కనున్న ఇమేజ్ ప్రాసెసర్‌ది. ఇంటెల్ ఐపీయూ6 అలాంటిదే. దాని వంట రహస్యం కంపెనీ కోడ్ బయటపెట్టని, మూసిన లైబ్రరీల్లో ఉంది. మెయిన్‌లైన్ కెర్నల్‌లోకి, అంటే అందరికీ ఉమ్మడిగా విడుదలయ్యే అసలు కెర్నల్‌లోకి, ఆ హార్డ్‌వేర్ నుంచి పచ్చి డేటా తీసుకునే డ్రైవర్ 2024లో, 6.10 వెర్షన్‌తో వచ్చింది. ఆ చిప్‌లతో ల్యాప్‌టాప్‌లు అంతకు మూడేళ్ల పైనుంచే అమ్ముడుపోతున్నాయి. వండే భాగం మాత్రం ఇంకా మూసే ఉంది.

ఇక్కడ వాడుకదారుడు ఎంత చక్కగా రిపోర్ట్ రాస్తే ఏం లాభం? తలుపుకి తాళం వేసింది కంపెనీ, తాళం చెవి కూడా దాని దగ్గరే ఉంది. 2004లో ఫిలిప్స్ వెబ్‌క్యామ్‌ల డ్రైవర్ విషయంలో ఇలాగే జరిగింది. కంప్రెషన్ విప్పే భాగం మూసిన బైనరీలో ఉండేది. దాన్ని తగిలించే కొక్కేన్ని కెర్నల్ నిర్వాహకులు తీసేస్తే, రాసినతను నొచ్చుకుని డ్రైవర్ మొత్తాన్నే వెనక్కి తీసుకున్నాడు. తర్వాత లుక్ సయార్ ఆ రహస్యాన్ని విడదీసి, అంతా తెరిచిన కోడ్‌తో డ్రైవర్‌ని మళ్లీ నిలబెట్టాడు. నిర్వాహకులు చేసింది సరైనదేనని ఇవాళ అనిపిస్తుంది. ఆ నెలల్లో ఫిలిప్స్ కెమెరా కొని కూర్చున్నవాళ్లకి అలా అనిపించి ఉండదు. రెండూ నిజమే.

ఐపీయూ6 విషయంలో జరుగుతున్నది చూస్తే కొంత ధైర్యం వస్తుంది. లిబ్‌కెమెరా అనే ప్రాజెక్టు 2018 చివర్లో మొదలైంది. దాని ముందువరసలో ఉన్నది కూడా లోరాన్ పిన్షారే. మూసిన వంటగది తలుపు తెరుచుకునేలోగా, పచ్చి డేటాని మామూలు ప్రాసెసర్‌తోనే బొమ్మగా మార్చే సాఫ్ట్‌వేర్ పద్ధతి 2024లో అందులో చేరింది. నాణ్యత కంపెనీ వంటంత రాదు, బ్యాటరీ కూడా ఎక్కువ తింటుంది. కానీ ఎదుటివాళ్లకి మన మొహం కనిపిస్తుంది.

ఈ కథ దగ్గరగా చూస్తే నా వాదన పూర్తిగా ఓడలేదు. ఒక్కో ల్యాప్‌టాప్‌లో సెన్సర్ వేరు. దానికి కరెంటు ఇచ్చే తీగ ఎక్కడ, లైటు వెలిగించే తీగ ఎక్కడ అన్నది ఒక్కో మోడల్లో ఒక్కోలా ఉంటుంది. ఆ వివరాలు బయాస్‌లోని (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) ఏసీపీఐ అనే హార్డ్‌వేర్ వివరాల పట్టికల్లో ఉంటాయి, చాలాసార్లు అరకొరగా ఉంటాయి. వాటిని తీసి పంపగలిగేది ఆ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్న మనిషే. తాళం కంపెనీ తీయాల్సిందే, అందుకు గట్టిగా అడగాల్సిందే. తాళం తీశాక కూడా ఆ ఇంట్లో స్విచ్ ఎక్కడుందో చెప్పడానికి ఒకరుండాలి.

మన దగ్గర ఏం చేయొచ్చు

లినక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని ప్రచారం చేసే 'స్వేచ్ఛ' లాంటి సంస్థలవల్ల మన దగ్గర లినక్స్ తెలిసిన విద్యార్థులు వేలల్లో ఉన్నారు. కాలేజీల్లో ఇన్‌స్టాలేషన్ ఫెస్ట్‌లు జరుగుతుంటాయి. నేను వెళ్లినవాటిలో లినక్స్ ఎక్కింది, వైఫై వచ్చింది, చప్పట్లు కొట్టాం, ఇంటికెళ్లిపోయాం. కెమెరా తెరిచి చూడమని మేమెవరం అడగలేదు. ఒక్క హాల్లో వంద ల్యాప్‌టాప్‌లు, యాభై రకాల కెమెరాలు. ఏ కెర్నల్ డెవలపర్ ఇంట్లోనూ అన్ని ఉండవు. చివరి అరగంట దానికే కేటాయించి, ప్రతి ఒక్కరూ కెమెరా తెరిచి, రాకపోతే ఐడీ, లాగ్ తీసిపెట్టుకుని, పది మంది కూర్చుని కలిసి రిపోర్ట్ రాస్తే ఒక్కడికి ఉండే భయం ఉండదు. వచ్చే ఫెస్ట్‌కి పిలిస్తే ఆ అరగంట నేను తీసుకుంటాను.

ఎర్రర్ మాట సంగతి కూడా వదలను. డ్రైవర్ బాగుపడటం అంటే బొమ్మ రావడం ఒక్కటే కాదు. బొమ్మ రానప్పుడు 'యూఎస్‌బీలో దారి చాల్లేదు, కెమెరాని వేరే పోర్టులో పెట్టి చూడండి' అని అప్లికేషన్ చెప్పి ఉంటే అక్క ఏ ఫైలూ తీసేసేది కాదు. అది అప్లికేషన్ వైపు రాయాల్సిన రెండు మూడు వరుసలు. కెమెరా గురించి ఇప్పుడు రాసిన రిపోర్ట్‌తోపాటు ఆ రిపోర్ట్ కూడా రాశాను.

కెమెరా రిపోర్ట్ రాసిన పదకొండో రోజున జవాబొచ్చింది. రెండే వాక్యాలు: పరికరం పూర్తి డిస్క్రిప్టర్ (అది తన గురించి చెప్పుకునే వివరాలు) పంపండి, ఈ ప్యాచ్ పెట్టి పరీక్షించి చెప్పండి. నా దగ్గర ఆ కెమెరా లేదు. అక్కకి ఫోన్ చేశాను. బడి తెరిచాక రెంటినీ బీరువా మీద స్టీలు డబ్బాలో పెట్టేసిందట. స్టూల్ వేసుకుని తీసి, దుమ్ము తుడిచి, ఒకటి పెట్టి, నేను చెప్పిన కమాండ్ కొట్టింది.

"ఐడీ చదవనా?"

"చదువక్కా."

ఒక్కో అంకె, ఒక్కో అక్షరం ఆగి ఆగి చదివింది. నేను రాసుకుని తిరిగి చదివి వినిపించాను. మిగతాది ఫైల్లో పెట్టి పంపమన్నాను.

"సరేరా" అని, కాసేపాగి అడిగింది. "ఈసారి ఏమీ తీసేయక్కర్లేదుగా?"

"అక్కర్లేదక్కా" అన్నాను.